తూము మూసినా తిరిగిన చక్రం

మర దారినా? ఇంత పొద్దుపోయాకా? వద్దు బాబూ, నా మాట విను.

కొండవార దారినే పో. రెండు మైళ్ళు చుట్టు, అంతేగా! కాళ్ళేం అరిగిపోవు. లేదంటే ఆ మూట దించి నిప్పు దగ్గర కూర్చో. ఇంకో మగ్గు బీరు పోస్తాను, తెల్లారాక పోదువుగాని.

హెల్మ్‌బీ నీటి మర దగ్గర ఇప్పుడేముందని అడుగుతావు. ఏమీ లేదు. రెండు రాతి గోడలు, ఓ లోతు గుంట, గుంటలో నాచు. చక్రం ఇరుసు ఆనించిన రాళ్ళు రెండు నిలబడున్నాయి. చక్రం ఊడదీసి ముప్ఫై ఏళ్ళయింది. అయినా పున్నమి ముందు రాత్రుళ్ళు అటు నడిచినవాళ్ళు చెబుతారు— గుంటలోంచి కిర్రు... కిర్రు... మని వినిపిస్తుందట. లేని చక్రం తిరుగుతున్నట్టు! మా ఊరి గొర్రెలు ఆ గట్టు మీద గడ్డి ముట్టవు. అది మాత్రం నేను కళ్ళారా చూశాను.

నవ్వుతున్నావా? నవ్వు నవ్వు. నెడ్ స్పింక్ కూడా నవ్వేవాడు. ఇళ్ళ కప్పులకి గడ్డి కప్పేవాడు నెడ్. ఎంత ఎత్తు కప్పు మీదైనా ఈల వేసుకుంటూ కూర్చునేవాడు, దెయ్యం కనిపిస్తే నిచ్చెన పట్టుకోమంటానని కోతలు కోసేవాడు. ఆ రాత్రి తరవాత బతికున్నన్నాళ్ళూ చీకటి పడితే గడప దాటలేదు.

నా సంగతంటావా? దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. మనుషుల్నే నమ్మను, ఇక దెయ్యాల్ని నమ్ముతానా! నలభై ఏళ్ళుగా ఈ ఊరికి బీరు పోస్తున్నాను బాబూ. తాగినవాడి నోరు ఏం చెబుతుందో తెలుసు, తాగనివాడి నోరు ఏం దాస్తుందో కూడా తెలుసు. అందుకే ఎజ్రా పోయిన రోజే నాకు అనుమానం వచ్చింది.

ఎజ్రా పోల్ మరలో పనివాడు. నోట్లో నాలుక లేని మనిషి. బస్తాలు మోసీ మోసీ నడుం పట్టేసింది. కర్రలా నిటారుగా నడిచేవాడు, కింద పడ్డది తీసుకోవాలంటే గోడ పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడేవాడు. అతని పెళ్ళాం డార్కస్ ఇంట్లో ఉన్ని బట్ట నేసేది. ఓ మగ్గం, ఓ ఆవు, ఓ మంచం— అదీ వాళ్ళ సంసారం. ఆ ముందు చలికాలమే వాళ్ళ ఐదేళ్ళ పిల్ల జ్వరమొచ్చి పోయింది. అప్పట్నుంచీ ఎజ్రా ఉన్న ఆ నాలుగు మాటలూ మానేశాడు.

మార్చి నెలలో ఓ మంగళవారం పొద్దున మర మడుగులో తేలాడు.

చూసింది మర యజమాని జోసయా క్రాగ్. అరుపులు, కేకలు, ఊరంతా పరుగు. మడుగు గట్టు మీద ఎజ్రా బూట్లు జతగా పెట్టున్నాయి. పక్కన కోటు... నాలుగు మడతలు పెట్టి, బొత్తాలు పైకి కనిపించేలా.

అంతే. ఆ మడత చూశారు, ఊరు తీర్పు చెప్పేసింది. కోటు అంత శుభ్రంగా మడిచి నీళ్ళలోకి దిగినవాడు పైకి రావాలని దిగలేదని చెవులు కొరుక్కున్నారు. పిల్ల పోయిన దిగులు, పాపం, తనంతట తనే పోయాడన్నారు.

తనంతట తను పోతే ఏమవుతుందో నీకు తెలుసుగా. చర్చి దొడ్లో సమాధికి చోటుండదు. రాత్రిపూట ప్రార్థన కూడా లేకుండా నాలుగు దారుల కూడలిలో పూడ్చి, గుండెల్లో కొయ్య మేకు దిగగొడతారు. ఇంట్లో ఉన్నదంతా రాజుగారి పేర జప్తు. డార్కస్‌కి మగ్గం పోతుంది, ఆవు పోతుంది, మంచం కూడా పోతుంది. పిల్ల పక్కన మొగుణ్ణి పడుకోబెట్టుకునే చోటు కూడా పోతుంది. అన్నిటికంటే ఆమె ఏడ్చింది దాని కోసమే.

తీర్పు చెప్పాల్సింది కరోనర్ దొర. చావుల మీద విచారణ చేసే ఆ పెద్దమనిషి పట్నం నుంచి రావాలి. ఆయన వచ్చి, ఊళ్ళో పన్నెండుమందిని కూర్చోబెట్టి, వాళ్ళు శవాన్ని కళ్ళతో చూస్తేగానీ తీర్పు చెల్లదు. శుక్రవారం వస్తానని కబురు పంపాడు. విచారణ ఎప్పుడూ మా కొట్లోనే, ఊళ్ళో అంతమంది పట్టే గది ఇంకోటి లేదు. అందుకని శవం కూడా మా వెనక గడ్డికొట్టంలోనే, తలుపు చెక్క మీద.

కడిగింది మేమిద్దరం. నేనూ, డార్కస్.

వీపు తిప్పామో లేదో నా చెయ్యి ఆగిపోయింది. నల్లగా కమిలిన చారలు. ఒకటి కాదు, నాలుగు... ఒకదాని కింద ఒకటి, జానెడు జానెడు ఎడంగా. నీళ్ళు అలా కొట్టవు బాబూ. మెడకి కట్టుకునే నీలం రుమాలు సగమే ఉంది. మిగతా సగం ఎవరో పట్టి లాగినట్టు చిరిగిపోయింది.

"తబితక్కా" అంది డార్కస్ గుసగుసగా. "బూట్లు."

"ఏమయ్యాయి బూట్లు?"

"ఈయన వంగలేడు కదక్కా. రోజూ పొద్దున నేనే తొడిగి తాళ్ళు కడతాను, రాత్రి నేనే విప్పుతాను. ఆ బూట్లు ఎవరు విప్పారు?"



అప్పుడు నా బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. ఆ మంగళవారం నుంచీ క్రాగ్ చక్రం ఆపేశాడు. నీళ్ళొచ్చే తూము తలుపు దించేశాడు, చక్రానికి గొలుసు వేసి బిగించాడు. నమ్మకస్తుడైన పనివాడు పోయాడు, మట్టి అయ్యేదాకా మర తిరగదన్నాడు. ఊరంతా ఆహా అంది. పాదిరీ గారు మంచి మాట చెప్పాడు. గోధుమలు తెచ్చినవాళ్ళు టోపీలు తీసి, బస్తాలు ఎత్తుకుని వెనక్కి పోయారు.

నేను మాత్రం ఆహా అనలేదు. సొంత తల్లిని పూడ్చిన రోజున కూడా సాయంత్రానికల్లా మర తిప్పిన మనిషి ఈ క్రాగ్! వాడికి ఉన్నట్టుండి ఇంత భక్తి ఎక్కణ్ణుంచి ఊడిపడింది? వీపు మీద చారలు చక్రం పలకలవే అయితే, చిరిగిన రుమాలు సగం కూడా ఆ మునిగిన పలకలకే చిక్కుకుని ఉండాలి.

ఇంకో సంగతుంది. మన చట్టంలో మనిషిని చంపిన వస్తువు కూడా దోషే. బండి తొక్కితే బండి, గుర్రం తంతే గుర్రం, పైన పడితే చెట్టు. దాన్ని దేవుడి జప్తు కింద పట్టేసుకుంటారు. చక్రం గనక మనిషిని చంపిందని తేలితే క్రాగ్‌కి చక్రం దక్కదు. కొత్తగా ఓకు చెక్కతో చేయించిన చక్రం అది, ముగ్గురు మనుషులు పక్కపక్కన నిలబడేంత వెడల్పు. దాన్ని చూపించి పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేవాడు వాడు.

డార్కస్ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడింది. ఒక్కసారి చక్రం తిప్పించండి, నీళ్ళలో మునిగిన పలకలు పైకి వస్తే నేను చూసుకుంటానంది. క్రాగ్ కళ్ళు ఒత్తుకున్నాడు. "అమ్మా, దుఃఖంలో ఉన్నావు, ఇంటికి పో. చచ్చినవాడి మర్యాద కోసం ఆపిన చక్రాన్ని చచ్చినవాడి పెళ్ళాం తిప్పమంటే లోకం ఏమంటుంది?" అన్నాడు. చుట్టూ ఉన్న మగాళ్ళు అవునవునన్నారు. అందరి పిండీ వాడి మరలోనే ఆడాలి మరి.

ఇక గురువారం రాత్రి.

ఇది నెడ్ స్పింక్ చెప్పగా విన్నది. ఒక్కసారి కాదు, వందసార్లు చెప్పాడు, వందసార్లూ ఒక్క మాట మారలేదు. అబద్ధమైతే మూడోసారికే కొత్త తోకలు మొలుస్తాయి. అందుకే చెబుతున్నాను.

నెడ్ పక్క ఊళ్ళో చెల్లెలింటికి పోయి తిరిగొస్తున్నాడు. తెల్లారితే విచారణ, పన్నెండుమందిలో తనూ ఒకడు, ఆలస్యంగా రాకూడదు. వానకి కొండవార దారిలో వాగు దాటే చోటు మునిగింది. మర దారి ఒక్కటే మిగిలింది. ఏముందిలే, నాలుగడుగులని దిగాడు.

వెన్నెల పిండి ఆరబోసినట్టుంది. గాలి లేదు. తూము మూసి ఉంది, నీటి చప్పుడు కూడా లేదు. తన బూట్ల చప్పుడు తనకే వినిపిస్తోంది...

కిర్రు...

ఆగాడు. చప్పుడూ ఆగింది. గుడ్లగూబ అనుకున్నాడు. ఇంకో నాలుగడుగులు వేశాడు.

కిర్రు... కిర్రు...

గోడ మలుపు తిరిగి చూశాడు. చక్రం తిరుగుతోంది!

తూములో చుక్క నీరు లేదు. చక్రం మటుకు మెల్లగా, ముసలాడు మంచం మీంచి లేచినట్టు, మూలుగుతూ తిరుగుతోంది. దాని మీద... తెల్లగా...

మనుషులు. చక్రం పలకల మీద అడుగులు వేస్తూ ఎక్కుతున్నారు. ఎక్కుతూనే ఉన్నారు, ఎక్కుతూనే ఉన్నారు, ఒక్క అడుగు కూడా పైకి పోవడం లేదు.

 నెడ్ గోడకి అతుక్కుపోయాడు. అంత భయంలో కూడా లెక్కపెట్టాడు. ఒకటి... రెండు... మూడు.

తరవాత ఎలా పరిగెత్తాడో తెలీదు. టోపీ ఎక్కడ పడిందో తెలీదు. ఇంట్లో పడి తలుపుకి బల్ల అడ్డం పెట్టి, తెల్లారేదాకా దేవుడి ప్రార్థన తప్పుల తడకగా చదువుతూ కూర్చున్నాడట.

ఆ మూడు అన్న అంకె గుర్తుపెట్టుకో బాబూ.

శుక్రవారం మధ్యాహ్నం కరోనర్ దొర వచ్చాడు. మిస్టర్ ఫెన్. సన్నగా, ఎండు చేపలా, ముక్కుపొడి పీలుస్తూ, చీకటి పడకముందే వెళ్ళిపోవాలని గడియారం చూసుకుంటూ. పన్నెండుమందీ బైబిలు మీద ప్రమాణం చేశారు. కమ్మరి జూరీకి పెద్ద. అందరూ కొట్టంలోకి వెళ్ళి, ముక్కులు మూసుకుని శవాన్ని చూసి, తిరిగొచ్చి బెంచీల మీద కూర్చున్నారు.

"వీపు మీద ఆ దెబ్బలేంటి?" అన్నాడు దొర.

"మడుగులో రాళ్ళున్నాయి దొరగారూ" అన్నాడు క్రాగ్, టోపీ గుండెకి ఆనించుకుని. "సోమవారం రాత్రే తూము దించేశాను. చక్రం కదల్లేదు. పొద్దున చూస్తే... పాపం..."

ఎంత చక్కటి పాపమో! వాడు ఆత్మహత్య అనలేదు, కాదనీ అనలేదు. మిగతాది ఊరు అనుకుంటుంటే నేల చూసుకుంటూ నిలబడ్డాడు.

డార్కస్ బూట్ల సంగతి చెప్పింది. ఒక్క మాట తప్పలేదు. దొర ఆమె వైపు జాలిగానే చూశాడు. "అమ్మా, తీర్పు అటూ ఇటూ అయితే పోయేది నీ ఆస్తి. నీ మాట ఒక్కదాని మీద నేనెలా నడవను? చచ్చిపోదామనుకున్నవాడికి ఆ రోజు నడుం వంగిందేమో."

"అయ్యా, మతి చలించి చేశాడందామా? అలా అయితే ఆవిడ సామాను ఆవిడకి దక్కుతుంది కదా" అన్నాడు కమ్మరి. మంచివాడే.

"పిచ్చివాడు కోటు నాలుగు మడతలు పెడతాడా?" అన్నాడు దొర.

 ఆ పాడు మడత అన్ని దారులూ మూసేసింది.

నేను ఉండబట్టలేకపోయాను. "దొరగారూ, ఒక్కసారి మర దాకా వెళ్ళి చక్రం చూసి రండి" అన్నాను.

"ఎందుకమ్మా?"

ఎందుకో చెప్పలేకపోయాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. "మగ్గులు నింపు తబితా, నీకెందుకు చట్టం!" అన్నాడు నా మొగుడే. వాడి పని ఆ రాత్రి చెప్పానులే.

దొర కలం సిరాలో ముంచాడు. డార్కస్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో రెండు మాటలైతే ఎజ్రా కూడలి పాలు.

అప్పుడు బెంచీ చివర నెడ్ స్పింక్ లేచాడు. టోపీ లేదు, మొహంలో రక్తం లేదు.

"దొరగారూ, బైబిలు మీద చెయ్యి వేశాను. దాస్తే నాకే చుట్టుకుంటుంది. నిన్న రాత్రి... చక్రం తిరిగింది."

గది గొల్లున నవ్వింది. "ఎన్ని మగ్గులు పట్టావురా నెడ్?" "చెల్లెలింట్లో బీరు తబిత కొట్టు బీరుకంటే గట్టిదేమో!" "దెయ్యానికి నిచ్చెన పట్టుకోమన్నావా లేదా?"

"నవ్వండి" అన్నాడు నెడ్.  "తూము మూసుంది. చక్రం తిరిగింది. దాని మీద ముగ్గురు ఎక్కుతున్నారు. తెల్లగా. ఇద్దరు దగ్గరదగ్గరగా ఉన్నారు, వంగి ఎక్కుతున్నారు. మూడోవాడు ఎడమ చివర... ఆ మూడోవాడు నడుం వంచడం లేదు."

నవ్వు ఠక్కున ఆగిపోయింది.

క్రాగ్ మొహం పిండికంటే తెల్లబడింది. "పిచ్చి మాటలు! దెయ్యం గియ్యం ఏం లేదు దొరగారూ. అది తిరగదు, నేను గొలుసు వేసి బిగించాను!" అన్నాడు.

దొర కలం పక్కన పెట్టాడు. ముక్కుపొడి డబ్బీ కూడా మూసేశాడు.

"దెయ్యాల విచారణ నా పని కాదు" అన్నాడు మెల్లగా. "కానీ మిస్టర్ క్రాగ్, తూము మూశావు. నీళ్ళు లేవు. నీళ్ళు లేని చక్రం ఎక్కడికి పారిపోతుందని గొలుసు వేశావు?"

దొర లేచి టోపీ పెట్టుకున్నాడు.

అందరం వెళ్ళాం. దొర ముందు, జూరీ వెనక, వాళ్ళ వెనక ఊరు. డార్కస్ నా చెయ్యి పట్టుకుని నడిచింది. గొలుసు ఊడి గుంటలో వేలాడుతోంది. మూడు రోజులుగా నీళ్ళలో మునిగి ఉన్న పలకలు ఇప్పుడు పైన ఉన్నాయి, నాచు ఇంకా తడిగానే ఉంది. మూడో పలక ఇనప మేకుకి ఓ గుడ్డ ముక్క చుట్టుకుని ఉంది. కమ్మరి ఎక్కి విప్పి తెచ్చాడు.

నీలం రుమాలు. అంచుకి ఎర్రదారం కుట్టు. డార్కస్ కుట్టు.

దొర దాన్ని మా కొట్టానికి తెచ్చి శవం మెడ దగ్గరి ముక్కకి ఆనించాడు. చిరుగు చిరుగుకి సరిపోయింది.

క్రాగ్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. "చూడలేదు" అన్నాడు. "దేవుడి సాక్షిగా చూడలేదు. మంగళవారం చీకటితోనే తూము ఎత్తాను. లోపల పలకలకి చిక్కుకున్న కలుపు తీస్తున్నాడని తెలీదు. అరుపు విని దించేశాను... అప్పటికే ఒక చుట్టు..."

"బూట్లు?"

"బూట్లు విప్పి, శవాన్ని మడుగులోకి దించింది నేనే. మడుగులో కలుపు తియ్యడానికి దిగి మునిగాడని అనుకుంటారనుకున్నాను. వాళ్ళు ఇంకోటి అనుకున్నారు... అప్పుడు వెనక్కి తీసుకోలేకపోయాను."

"కోటు మడత?"

"అలవాటు దొరగారూ" అన్నాడు క్రాగ్. "బస్తాలు అలాగే మడుస్తాను."

నాకు వాణ్ణి ఈడ్చుకెళ్ళి మడుగులో ముంచెయ్యాలనిపించింది. డార్కస్ మాత్రం వాడి ముందుకెళ్ళి నిలబడింది. తిట్టలేదు, కొట్టలేదు.

"ఒక్కసారే అరిచాడా?" అంది.

"ఒక్కసారే."

"ఏమని?"

క్రాగ్ టోపీ తీసి పక్కన పెట్టాడు. "నీ పేరు" అన్నాడు.

ఆ మాటకి డార్కస్ తల ఊపింది. ఏడుపు ఆ తరవాత వచ్చింది.

జూరీ మళ్ళీ బెంచీల మీదకొచ్చి పావుగంటలో తేల్చింది. ప్రమాదం వల్ల చావు, చంపింది చక్రం. చక్రాన్ని జప్తు చేశారు. మగ్గం, ఆవు, మంచం, అన్నీ డార్కస్‌కి మిగిలాయి. ఆదివారం చర్చి దొడ్లో, పిల్ల పక్కన, గంట మోగుతుండగా ఎజ్రాని పడుకోబెట్టారు. మంచు కురుస్తున్నా ఊరంతా వచ్చింది, నోళ్ళు పారేసుకున్నవాళ్ళు అందరికంటే ముందొచ్చారు. క్రాగ్ మీద విచారణ వేరే జరిగింది, కొన్నాళ్ళు జైల్లో ఉండొచ్చి ఊరు వదిలి పోయాడు.

చచ్చినవాడే వచ్చి చక్రం తిప్పి సాక్ష్యం చెప్పాడని ఊరు ముక్కున వేలేసుకుంది. అదిగో, అప్పట్నుంచీ ఆ దారంటే ఊరికి భయం.

ఇప్పుడు నిజం చెప్పనా? క్రాగ్ పోయాడు, నా మొగుడు పోయాడు, నెడ్ కూడా పోయాడు. డార్కస్ పోయిన నెల వెళ్ళిపోయింది. ఇక ఎవరికీ నష్టం లేదు.

తిప్పింది మేమే. నేనూ, డార్కస్.

అలా చూడకు, మగ్గు ఒలికిపోతోంది. మరేం చెయ్యమంటావు? ఎవరూ తిప్పరు, దొర మర్నాడొస్తాడు. మేమే గుడ్డ పట్టుకొస్తే మీరే పెట్టారంటారు. అందుకే పలక పైకి తెచ్చి, గుడ్డ దాని మానాన దాన్ని వదిలేసి వద్దామనుకున్నాం. తెల్లారాక జూరీని ఎలాగోలా అటు నడిపిస్తానని నేను కోతలు కోశాను. తీరా దొర "ఎందుకమ్మా?" అంటే ఏం చెప్పను? రాత్రి ఒకరి మరలో దూరి గొలుసు ఊడగొట్టానని చెప్పనా?

అర్ధరాత్రి వెళ్ళాం. గౌన్లు పలకల్లో చిక్కుకుంటాయని విప్పేసి, లోపలి తెల్ల బట్టలతోనే ఎక్కాం. ఎముకలు కొరికే చలి. నేను కుడి చివర నిలబడ్డాను, డార్కస్ మధ్యలో. లోపల తిరగలి రాళ్ళని చక్రం నుంచి విడదీసే ఉంచారు, వాటి బరువు దాని మీద లేదు, అదొక్కటే అదృష్టం. పై పలక పట్టుకుని ఉన్న బరువంతా వేశాం.

కదల్లేదు.

మళ్ళీ వేశాం. ఎగిరి తొక్కాం. నా అరచేతులు చీరుకుపోయాయి. చక్రం కొండలా అలాగే ఉంది. ఇక మనవల్ల కాదు, దిగిపోదామన్నాను. డార్కస్ దిగలేదు. పలక మీద నుదురు ఆనించి, ఇంట్లో బరువు ఎత్తలేనప్పుడు ఆడవాళ్ళు మొగుణ్ణి పిలిచినట్టు, మామూలుగా పిలిచింది.

"ఎజ్రా... కాస్త సాయం పట్టవూ."

కిర్రు... మంది.

కదిలింది. ఇంకో అడుగు వేశాం, ఇంకొంచెం కదిలింది. బిగిసిన ఇరుసు వదులైందనుకున్నాను. ఇప్పటికీ పగలు అడిగితే అదే చెబుతాను. ఆ తరవాత ఎవరో పరిగెత్తిన చప్పుడు వినపడింది, గట్టు మీద నెడ్ టోపీ దొరికింది. దడుచుకున్న వెధవ నీడని కూడా కలిపి మూడు లెక్కపెట్టి ఉంటాడని నవ్వుకునేదాన్ని. డార్కస్ దగ్గర మాత్రం ఆ సంగతి ఎత్తేదాన్ని కాదు.

ఎందుకంటే, ఆ రాత్రి గౌన్లు తొడుక్కుని ఇంటికొస్తుంటే డార్కస్ ఓ మాట అంది. అప్పటికి నెడ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు, ముగ్గురన్న మాటే పుట్టలేదు.

"నీ రుణం తీర్చుకోలేనక్కా" అంది. "నాచు మీద కాలు జారింది. నువ్వు నా ఎడమ చెయ్యి అంత గట్టిగా పట్టుకోకపోతే గుంటలో పడిపోయేదాన్ని."

నేను ఆమెకి కుడిపక్కన ఉన్నాను బాబూ. నా రెండు చేతులూ పలక మీదే ఉన్నాయి.

వెన్నెల్లో ఆమె ఎడమ మణికట్టు చూశాను. నాలుగు వేళ్ళ గుర్తులు, తడిగా, ఎర్రగా కనిపించాయి. నా చేతికంటే పెద్ద చెయ్యి.

"పట్టుకున్నానులే" అన్నాను.

ముప్ఫై ఏళ్ళూ ఆ మాట మీదే ఉన్నాను. పోయిన నెల ఆఖరి రాత్రి ఆమె పక్కన కూర్చున్నప్పుడు, ఇక చెప్పేద్దామని నోరు తెరిచాను. డార్కస్ నా వైపు చూడలేదు. మంచానికి ఎడమ పక్క చూస్తూ ఆ చెయ్యి మెల్లగా చాచింది.